కిర్రుమనే కుర్చీ

"ఆ కుర్చీ కిర్రుమంటోంది. లే," అంది పిట్ట.

"నేను కూర్చుంటే అలాగే అంటుంది. దానికి నేనంటే గౌరవం," అన్నాడు అన్నయ్య, కావాలని ఇంకో ఊపు ఊగి.

పిట్ట ఒక చెవి మూసుకుని, రెండో చేత్తో వాడి వీపున ఒక్కటిచ్చింది. అమ్మ గరిటెతో సహా వంటింట్లోంచి వచ్చింది.

"చూశావా అమ్మా? దీన్ని పక్క ఊరు పంపితే షాపు నడుపుతుందా, కుర్చీలతో యుద్ధం చేస్తుందా?"

అమ్మ బెంగ కూడా పక్క ఊరి గురించే. పిట్ట కుట్టుమిషన్లు బాగుచేస్తుంది. అక్కడ కొత్తగా తెరిచే షాపు ఆమెకే అప్పగిస్తానన్నాడు యజమాని. రేపు జవాబు చెప్పాలి. పిట్ట ఎప్పుడో సంచి సర్దేసుకుంది. సరేననడానికి అమ్మకే నోరు రావడం లేదు. పనిలో పడితే ఆ పిల్లకు ఆకలి తెలియదు, కళ్లు తిరిగితే తప్ప. ఆటిజం ఉన్న కొందరికి ఒంట్లోంచి వచ్చే కబురు సరిగా అందదని డాక్టరమ్మ చెప్పింది. ఇక్కడైతే అన్నానికి తను పిలుస్తుంది. అక్కడ ఎవరు పిలుస్తారు?

"ఆకలేస్తోందా?" అని అడిగింది.

"లేదు."

అబద్ధం కాదు. పిట్టకు అబద్ధాలు చేతకావు.

అన్నయ్య రాజీకొచ్చి, నూనె డబ్బా తెచ్చి కుర్చీ తిరగేశాడు.

"ఆగన్నయ్యా. పొద్దున తిన్నాక కూడా ఇది కిర్రుమంది కదా. నేనేమైనా అన్నానా?"

"లేదు. నువ్వే ఎక్కి ఊగావు."

"నిన్న?"

"నిన్న భోజనం ఆలస్యమైంది. నా చెవి మెలేశావు."

పిట్ట అమ్మవైపు తిరిగింది. "మిషన్ మీద కుట్టేటప్పుడు గుడ్డ అడుగున దారం ఉచ్చులు పడితే అందరూ కింది దారాన్నే సవరిస్తారు. లోపం పైదారం బిగింపులో ఉంటుంది. నాకూ అంతేనమ్మా. ఆకలి కడుపులో కాదు, చెవిలో తెలుస్తోంది."

అమ్మ వెంటనే వడ్డించింది. పిట్ట మారు కూడా అడిగి మరీ తింది. పక్కనే తింటున్న అన్నయ్య ఉండబట్టలేక కుర్చీ ఊపాడు. అది ఇంటిల్లిపాదికీ వినబడేలా కిర్రుమంది. పిట్ట తలెత్తలేదు, ఇంకో ముద్ద కలుపుకుంది.

అమ్మ గరిటె కింద పెట్టింది.

"రేపు మీ షాపాయనకు వస్తున్నానని చెప్పు. ఈ కుర్చీ కూడా పట్టుకెళ్లు. మిషన్ ముందు అదే వేసుకో. దాని గోల భరించలేకపోతే లేచి తిను. ఒరేయ్, దానికి ఒక్క చుక్క నూనె తగిలినా నీకు రాత్రికి భోజనం ఉండదు."