నాగరత్నమ్మ పోయిన గడియ

తడి పంచె భుజాన వేసుకుని పద్మనాభయ్య పెన్నేటి ఇసుకలోంచి గట్టెక్కేసరికి మసీదులో అజాన్ మొదలైంది. ఫాల్గుణం చివర్లో కూడా చెలమ నీళ్ళు ఎముకలు కొరుకుతాయి. వణుకుతూనే ఆయన ఆనాటి పాఠం గొణుక్కుంటున్నాడు. దుర్ముఖి నామ సంవత్సరం, ఫాల్గుణ బహుళ ఏకాదశి, బుధవారం. శ్రవణం తెల్లవారుజామున నాలుగూ పదికి వెళ్ళిపోయింది, తదుపరి ధనిష్ఠ. దీన్ని ఎనిమిదిలోపు జమ్మలమడుగులో నలభై ఇళ్ళకూ పదకొండు అంగళ్ళకూ చెప్పి రావాలి.

ఆయన బతుకంతా ఇదే. పెళ్ళి చేయించేటంత మంత్రం రాదు, తద్దినం పెట్టించాలంటే గొంతు తడబడుతుంది. నేర్పవలసిన తండ్రి ఆయనకు తొమ్మిదో ఏటనే పోయాడు. మిగిలింది పంచాంగం ఒక్కటి. తిథి, వారం, నక్షత్రం చెప్పి, పెట్టినన్ని బియ్యం జోలెలో పోయించుకుని, వాకిట్లోంచే వెనక్కి తిరుగుతాడు. ఊళ్ళో ఎవరూ ఆయన్ని పురోహితుడని అనరు, పంచాంగం సామి అంటారు. సన్నటి మనిషి, ముందుకు వంగిన మెడ, బొటనవేలు తెగిన చెప్పులు. వీధిలో ఎదురైతే పలకరించకుండా దాటిపోవచ్చు. నొచ్చుకోడు. కానీ ముప్పయ్యేళ్ళలో ఒక్క నక్షత్రమైనా తప్పు చెప్పలేదు. ఆ సంగతి ఎవరూ గమనించకపోయినా ఆయన గమనించుకున్నాడు.

ఓబుల్‌రెడ్డి పాతమిద్దె దగ్గరికి వచ్చేసరికి కిటికీలోంచి దగ్గు వినిపించింది. ముందు గదిలో ఉండే నాగరత్నమ్మ. పువ్వులు కట్టి బతికే ముసలావిడ.

"ఈ పొద్దు ఏం చుక్క సామీ?"

"ధనిష్ఠమ్మా. నాలుగూ పదికే వచ్చె."

"అయితే ఈ పొద్దు సచ్చేదానికి ల్యా. ఇల్లు మూసిపెడతారు. ఇంగ ఐదు దినాలు ఆగల్ల నేను." నవ్వబోయి మళ్ళీ గట్టిగా దగ్గింది.

"పొద్దున్నే అవేం మాటలు," అని కసురుకుని పద్మనాభయ్య ముందుకు సాగాడు.

ఎనిమిదికి జోలె బరువుతో తిరిగి వచ్చేసరికి మిద్దె ముందు జనం. నాగరత్నమ్మ పోయింది. నడిమి గదిలో ఉండే ఖమర్‌బీ ఏడు గంటలకు పిలిస్తే పలకలేదట. చూస్తే కిటికీ కింద గోడకు ఆనుకుని కూచున్నది కూచున్నట్టే ఉంది.

పద్మనాభయ్య ఎవరూ చూడకుండా అరుగు అంచు పట్టుకున్నాడు. ఆమె ఆఖరి మాట తనతోనే అన్నదని, తాను కసురుకున్నాడని గుర్తొచ్చింది. ఆ వెనకే ఇంకో సంగతి తట్టింది. ఆమె ధనిష్ఠలో పోయింది.

ధనిష్ఠలో ప్రాణం పోతే ఆ ఇల్లు ఆరు నెలలు మూసిపెట్టాలి. ముళ్ళకంప అడ్డం కట్టి, దీపం కూడా పెట్టకుండా వదిలేయాలి. లేకుంటే ఆ కప్పు కిందనే ఇంకో ప్రాణం పోతుందంటారు. ఈ మిద్దెకు మూడు గదులైనా వీధి వాకిలి ఒక్కటే, దూలం ఒక్కటే. మూస్తే అందరూ బయటికి నడవాల్సిందే. అందరూ అంటే ఇంకెవరు, ఖమర్‌బీ, ఆమె కూతురు గుల్జార్‌బీ. కూతురికి తొమ్మిదో నెల. మొగుడు బొంబాయిలో మిల్లు పనికని పోయి ఉత్తరం ముక్క రాయలేదు. బయట ఎండ అప్పుడే నిప్పులు చెరగడం మొదలుపెట్టింది.

గ్రామ మునసబు ఇద్దరు పెద్దమనుషులను కూచోబెట్టుకుని గదిలో సామాన్లు రాయించాడు. ముసలావిడకు నా అన్నవాళ్ళు ఉన్నారేమో చూడాలి కదా. రేకు పెట్టె తెరిచారు. రెండు చీరలు, అరటినార చుట్ట, పసుపు కొమ్ములు, కుంకుమ డబ్బీ, ఎవరిదో చిన్నపిల్ల వెండి మొలతాడు. ఉత్తరం లేదు, ఊరి పేరు లేదు. పులివెందుల పక్క పల్లెదని ఒకామె అంది. కాదు, ఖాజీపేట దిక్కుదని ఇంకొకామె అంది. ఇరవై ఏళ్ళు ఇదే వీధిలో పువ్వులు అమ్మినా ఆమెను ఎవరూ అడగలేదు. ఆ మొలతాడు చేతిలోకి తీసుకున్న మునసబు ఏమి రాయించాలో తోచక, 'వెండి వస్తువు ఒకటి' అని రాయించాడు.

కబురు అందుకుని పది గంటల బస్సుకు ప్రొద్దుటూరు నుంచి ఓబుల్‌రెడ్డి దిగాడు. సొంతూరు తొండూరు, కాపురం ప్రొద్దుటూరు. ఈ మిద్దె పడగొట్టి శనక్కాయల గోడౌను కట్టాలని రెండేళ్ళుగా చూస్తున్నాడు. ఒంటరి ముసలామెను, ఇప్పుడు కడుపుతో ఉన్న పిల్లను వెళ్ళగొడితే ఊరు ఒప్పుకోదని పెద్దమనుషులు అడ్డుపడ్డారు. ఇప్పుడు ఆయన మొహంలో దుఃఖం ఉంది గానీ అది సరిగ్గా కుదరలేదు.

"పాపం, పోయిందా," అన్నాడు. చెప్పులు విడిచి అరుగెక్కి నేరుగా పద్మనాభయ్య వైపు చూశాడు. "యా నచ్చత్రంలో పోయింది సామీ? క్యాలెండరు చూసుకునే వచ్చినా. నాలుగూ పది తర్వాత అయితే ఇల్లు మూయల్ల. మనం ఆచారం తప్పేవాళ్ళం కాదు."

అందరూ పద్మనాభయ్యనే చూశారు. ముప్పయ్యేళ్ళలో ఇంతమంది ఒక్కసారిగా ఆయన మాట కోసం ఆగింది లేదు. అయిదు రోజుల్లో ఉగాది. ప్రొద్దుటూరులో ఓబుల్‌రెడ్డి హాల్లో పంచాంగం చదివేది ఆయనే. ఏడాదిలో ఆయనకు పంచెల చాపు దొరికేదీ, నలుగురిలో కుర్చీ వేసేదీ ఆ ఒక్కరోజే.

కానీ ఆయన్ని పట్టుకున్న భయం అది కాదు. ధనిష్ఠ దోషాన్ని ఆయన నమ్ముతాడు. తన అవ్వ ధనిష్ఠలో పోయినప్పుడు తలదాచుకోను ఇంకో చోటు లేక ఇంట్లోవాళ్ళు ఇల్లు మూయలేదు. నాలుగో నెలలో నాన్న పోయాడు. తొమ్మిదేళ్ళ పిల్లవాడిగా ఆ పాడె వెనక నడిచాడు. ఇప్పుడు అబద్ధం చెబితే ఆ కప్పు కింద నిండు చూలాలు పడుకుంటుంది. నిజం చెబితే ఈ పూటే వీధిలో పడుతుంది. రెండింటిలో ఏది ఆ పిల్లను చంపుతుంది? పంచాంగంలో ఏ పేజీలోనూ అది లేదు.

"ఒంటరిగా పోయిన మనిషి రెడ్డీ," అన్నాడు మెల్లగా. "చూసినవాళ్ళు ఎవరు? నాకు తెలిసి శ్రవణంలోనే."

"మీకెట్ల తెలిసె?"

ఆయన నోరు తెరిచేలోపు, లోపలుండి ముందు మాటలు వినని ఖమర్‌బీ వాకిట్లోంచి కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ ముందుకొచ్చింది. పోయినావిడకు ఒక మంచి మాట దక్కాలని ఆమె ఆరాటం.

"నేను చెప్తా రెడ్డీ. అజాన్ అయితాంటే దగ్గింది. నా చెవులారా విన్యా. ఆ యెనక సప్పుడు ల్యా. అజాన్ పొద్దున పానం పోయిందంటే శానా మంచి సావు. అట్లాంటి సావు అందరికీ రాదు."

ఓబుల్‌రెడ్డి మొహంలోని దుఃఖం ఒక్కసారిగా కుదురుకుంది. అజాన్ అంటే అయిదు. జుబ్బా జేబులోంచి బరువైన కొత్త తాళం తీసి చప్పుడయ్యేటట్టు అరుగు మీద పెట్టాడు. ఖమర్‌బీ తాళాన్ని చూసింది, మనుషుల మొహాలు చూసింది. తానేం చెప్పిందో అప్పుడు అర్థమై నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. లోపల గుల్జార్‌బీ గోడ పట్టుకుని లేచి నిలబడింది.

"ఆ దగ్గు నాది," అన్నాడు పద్మనాభయ్య.

గొంతు తనదేనా అనిపించింది. అయినా ఆపలేదు.

"ఏటి నుంచి వస్తా ఈ కిటికీ కాడ నిలబడినా. రోజూ చుక్క అడుగుతాది కదా, పలుకుతాదని. పలకల్యా. చల్లనీళ్ళ పొద్దు, దగ్గు పట్టుకునె. దగ్గింది నేను. ఆమె అప్పటికే పోయిండాది. నాలుగుకు ముందే పోయిండాది."

"అప్పుడే ఎవరికీ ఎందుకు చెప్పలేదు?" ఓబుల్‌రెడ్డి కళ్ళు చిన్నవయ్యాయి.

"నిద్రపోతాందనుకుంటి."

"పంచాంగం మీద చెయ్యి పెట్టి చెప్తావా?"

జోలెలోంచి పంచాంగం తీశాడు. అట్ట మీద బియ్యపు పిండి అంటి ఉంది. చెయ్యి పెట్టాడు.

"శ్రవణం," అన్నాడు.

మునసబు గొంతు సవరించుకుని, "ఇంగ అయిపోయె అన్నా. సామి అబద్ధం చెప్పే మనిషి కాదు, ఊరికంతా తెలుసు," అని కాగితంలో రాయించేశాడు. పద్మనాభయ్య తల వంచుకున్నాడు. ముప్పయ్యేళ్ళు కూడబెట్టిన మంచిపేరు అంతా ఆ ఒక్క మాటకు ఖర్చయిపోయిందని ఆయనకు తెలుసు.

ఓబుల్‌రెడ్డి చెప్పులు వేసుకున్నాడు. మెట్టు దిగి, వెనక్కి తిరక్కుండానే అన్నాడు. "ఉగాదికి ప్రొద్దుటూరు రావద్దులే సామీ. దగ్గుతో అంత దూరం యాడ వస్తావు? వేరే ఆయనకు చెప్పుకుంటాం."

మధ్యాహ్నం దాటకముందే నలుగురు మనుషులు నాగరత్నమ్మను ఏటికి తీసుకుపోయారు. వీధి ఆడవాళ్ళు తలా ఒక మూర పూలు పరిచారు. పద్మనాభయ్య మలుపు దాకా నడిచి, పాడె కనిపించకుండా పోయేదాకా నిలబడ్డాడు. "తప్పయిపోయిందమ్మా," అన్నాడు పైకే.

తిరిగి వస్తే ఖమర్‌బీ గది కడిగి, వాకిట్లో నిలబడి ఉంది.

"ఇన్నేండ్లు చూస్తాండా. మీకు దగ్గు యాడిది సామీ?"

"ఈ పొద్దుటి నుంచే," అన్నాడు.

ఆమె లోపలికి పోయి అల్లం ముక్క తెచ్చి అరుగు మీద దూరంగా పెట్టింది. ఆయన తీసుకుని బుగ్గన పెట్టుకున్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. లోపల గుల్జార్‌బీ తుమ్మింది. పద్మనాభయ్య ఉలిక్కిపడి చెవి ఒగ్గాడు. ఈ ఆరు నెలలూ, భాద్రపదం దాటేదాకా, ప్రతి పొద్దూ ఈ కిటికీ దగ్గర ఇట్లాగే చెవి ఒగ్గాలి. ఎవరికైనా చెప్పుకునే భయం కాదు. జోలె సర్దుకుని, ఎండలోకి మెల్లగా దిగిపోయాడు.

ఓబుల్‌రెడ్డి మరిచిపోయిన తాళం అరుగు మీదే నోరు తెరుచుకుని ఉంది. దాని చెవులు రెండూ అంగడివాడు కట్టిన ఎర్రదారంతో ఇంకా దానికే వేలాడుతున్నాయి.