శుక్రవారం తెచ్చిన రక్తం

మొగులయ్య నన్ను ‘నువ్వు’ అనేవాడు. నేను కాకినాడ నుంచి హైదరాబాదు వచ్చిన కొత్తలో ఆ పిలుపు వింటే నాకు చిర్రెత్తుకొచ్చేది. నేను డాక్టరేటు చేస్తున్నదాన్ని, అతను మా లాబొరేటరీలో గాజుసామాను కడిగే తాత్కాలిక అటెండరు. ఏడాది తిరిగేసరికి ఆ పిలుపు వినకపోతే తోచేది కాదు.

1974లో మా లాబొరేటరీ పత్తర్‌గట్టి వెనక సందులో, గాజుల దుకాణం పైన ఉండేది. పుండ్లకు చీము పట్టించే బ్యాక్టీరియా మీద నా పరిశోధన. నలభై మంది రోగుల నుంచి తెచ్చిన నలభై రకాలు నా దగ్గర ఉండేవి. వాటిలో ఏవి ఎక్కువ విషం చిమ్ముతాయి, ఏవి మందులకు లొంగవు, ఆ రెండు గుణాలూ కలిసే ఉంటాయా అన్నది తేల్చాలి. విషం సంగతి తెలియాలంటే గొర్రె రక్తం కావాలి. రక్తం కలిపిన ఎర్రటి ప్లేటులో పెంచితే, విషమున్న బ్యాక్టీరియా చుట్టూ రక్తకణాలు పగిలి తేటగా ఓ వలయం ఏర్పడుతుంది.

ఆ రక్తం తెచ్చేది మొగులయ్యే. మంగళ, శుక్రవారాలు తెల్లవారుతుండగా సైకిలెక్కి చాంద్రాయణగుట్ట అవతల కబేలాకు వెళ్లేవాడు. గాజుపూసలు వేసిన సీసాలో రక్తం పట్టి, గడ్డకట్టకుండా చెయ్యి ఆపక ఊపేవాడు. పూసలు మా కింద దుకాణంలోవే. అతను ఎన్నింటికి లేస్తాడో, ఏం తిని వెళతాడో నేనెప్పుడూ అడగలేదు. అరగంట ఆలస్యమైతే మాత్రం అడిగేదాన్ని.

అక్టోబరులో ఒక శుక్రవారం సీసా అడుగున కాస్త రక్తమే ఉంది.

“ఇంతేనా?” అన్నాను.

“గింతే దొరికిందమ్మా. సాలదా?”

ఎలాగో సరిపెట్టాను. మర్నాడు చూస్తే నలభైలో పదమూడే పెరిగాయి. మిగతా ఇరవై ఏడు చోట్లా ప్లేటు నున్నగా ఉంది. నాకు ఒళ్లు మండిపోయింది.

“సబ్బు పూర్తిగా పోయేలా కడగలేదు కదూ? వారం పని మట్టిపాలు చేశావు.”

“నాదే తప్పమ్మా. మల్ల కడుగుత,” అని గోడవైపు తిరిగి దగ్గాడు.

విసుక్కుంటూనే నోటుబుక్కు తీసి, పెరిగిన పదమూడు ఏవో గుర్తు పెట్టసాగాను. సగంలోనే అనుమానం వచ్చి పాత పేజీలు తిరగేశాను. స్ట్రెప్టోమైసిన్ అనే మందుకు చావవని నేను అదివరకే రాసుకున్న పదమూడూ అవే. ఒక్కటి ఎక్కువ లేదు, ఒక్కటి తక్కువ లేదు. సబ్బుకు ఆ తేడా తెలియదు; ఆ రక్తంలోనే మందు ఉండాలి. వలయాలు కూడా గొర్రె రక్తంలో వచ్చినంత వెడల్పుగా లేవు. గొర్రెలకు స్ట్రెప్టోమైసిన్ ఎవరూ వేయరు. రోజూ ఆ మందు సూది ఏ జబ్బుకు వేస్తారో ఆ రోజుల్లో అందరికీ తెలుసు.

“మొగులయ్యా, ఇది ఎవరి రక్తం?”

అతను చేతిలోని సీసా కింద పెట్టాడు. “ప్లేట్ల రాసుంటదా అమ్మా అది?”

“రాసే ఉంది. జబ్బు ఎన్నాళ్ల నుంచి?”

“మూడు నెలలాయె. టీబీ దవఖానల పొద్దుగాల ఆరు సంది ఎనిమిది దాంకనే సూదేస్తరు. కబేలకు పోయిన దినం అందుకోలేను. ఇంకొక్కపారి తప్పితే పేరు కొట్టేస్తనన్నడు కంపౌండరు బాబురావు. రక్తం తేకుంటే నీ పని ఆగుతది. గందుకే నిన్న సూదేసుకొని, గంట కూసొని, గాయన్నే బతిమిలాడి నా రక్తం తీపిచ్చిన.”

“నాతో ఎందుకు చెప్పలేదు?”

“పర్మనెంటు కాగితం రావాలె. క్షయ అంటే ఎవరుంచుకుంటరమ్మా?”

వారానికి రెండు చొప్పున మూడు నెలలు. మందు మధ్యమధ్యలో మానేస్తే బతికిపోయిన బ్యాక్టీరియా మొండికేస్తుందని, ఆపై అదే మందు దానికి పనిచేయదని నా పరిశోధన మొదటి పేజీలోనే రాసుకున్నాను. ఆ మాట రాస్తూనే, నా ప్లేట్లలో పోసే రక్తం కోసం అతని సూదులు తప్పించాను. అతనికి స్ట్రెప్టోమైసిన్ పనిచేయకపోతే, ఇంకో మంచి మందు కొనిపెట్టే స్తోమత మా ఇద్దరికీ లేదు. నాకు ఏడుపు ఆగలేదు.

“గట్ల ఏడ్వకమ్మా. నాకు రక్తం మస్తుగుంది,” అన్నాడు మొగులయ్య.

ఆ రోజే అతని కఫం తీసుకుని, అతను కడిగిపెట్టిన రెండు గాజు గొట్టాల్లో వేశాను. ఒకదానిలో మందు లేదు, రెండోదానిలో స్ట్రెప్టోమైసిన్ కలిపాను. క్షయ క్రిమి పెరగడానికి ఆరు వారాలు పడుతుంది. రెండింటిలోనూ పెరిగితే మందు చేజారినట్టే; రెండోదానిలో పెరగకపోతే ఇంకా పనిచేస్తున్నట్టు. మా లాబొరేటరీ డైరెక్టరు దగ్గర కూర్చుని, మొగులయ్యకు నయమయ్యేదాకా సెలవనీ, ఉద్యోగం ఎక్కడికీ పోదనీ కాగితం రాయించుకునే లేచాను.

“రోజూ సూదికి పో. రక్తం నేను తెచ్చుకుంటాను.”

“నువ్వా? కోడిగుడ్డు చూస్తెనే మొకం తిప్పుతవు.”

మంగళవారం రిక్షాలో కబేలాకు వెళ్లాను. వాకిట్లోనే ఒక ముసలాయన ఎదురొచ్చి నా చేతిలో సీసా తీసుకున్నాడు.

“మొగులయ్య భాయ్ నిన్న వచ్చి చెప్పిండు బేటీ. మా అమ్మొస్తది, కత్తి కనబడనియ్యకు అన్నడు. గోడ దిక్కు తిరిగి నిలబడు.”

గోడవైపు తిరిగి నిలబడ్డాను. మొదటి సీసా నా చేతిలోనే గడ్డకట్టింది. మూడోది కుదిరింది. ఆ ఆరు వారాల్లో మంగళ, శుక్రవారాలు పొద్దున్నే అదే గోడను చూశాను, రోజూ లాబొరేటరీకి రాగానే ఆ రెండు గొట్టాలను చూశాను.

అయిదో వారం మందు లేని గొట్టంలో గోధుమరంగు పొక్కులు లేచాయి. రెండోదానిలో ఏమీ లేదు. అయినా నమ్మకుండా మరో వారం ఆగాను.

ఆరో వారం చివర మొగులయ్య వచ్చాడు. కాస్త ఒళ్లు చేశాడు, దగ్గు లేదు. రెండు గొట్టాలూ వెలుతురుకు పట్టి చూపించాను. అతను ఏమీ పెరగని రెండో గొట్టాన్నే చాలాసేపు చూశాడు. మొహం చిన్నబోయింది.

“దీంట్ల ఏం మొలవలే. నేను కడిగిందే కద. సబ్బు పోలేదా అమ్మా?”

“లేదు మొగులయ్యా,” అన్నాను. “చాలా బాగా కడిగావు.”