ఎడమ బుగ్గ

మా వైపు మగవాణ్ణి ఏం పని చేస్తావని ఎవరూ అడగరు. ఏ షెడ్డులో చేస్తావని అడుగుతారు. రాష్ట్రంలో ఎవరు ఎక్కడ సోఫాలో కూలబడినా, దాని అడుగున గోనెగుడ్డను బిగలాగి మేకులు కొట్టింది మావాళ్ళే అయివుంటారు. వేరే చోట్ల ఊరికి ఒకడో ఇద్దరో చేసుకునే పని ఇది. ఇక్కడ వీధికి నలుగురు తప్ప అందరిదీ ఇదే. ఆ నలుగురిలో ఒకడు మంగలి, ఒకడు మందుల షాపువాడు, మిగిలిన ఇద్దరూ పని మానేసి ఇంట్లో కూర్చున్న మేకులవాళ్ళు.

ఆడవాళ్ళు మిషన్ల మీద తొడుగులు కుడతారు. మగవాళ్ళు చెక్క చట్రం మీద స్ప్రింగులు, గోనె, స్పాంజి పరిచి, పైన ఆ తొడుగు లాగి బిగిస్తారు. ఒక చెయ్యి గుడ్డ లాగి పట్టుకోవాలి. ఇంకో చేతిలో సుత్తి ఉంటుంది. మేకు అందించడానికి మూడో చెయ్యి దేవుడివ్వలేదు కనుక ఆ పని నోరు చేస్తుంది. గోరంత మేకులు బుగ్గలో పోసుకుంటారు. నాలుక ఒక్కొక్కదాన్నీ తిప్పి, తల బయటికి వచ్చేట్టు పెదాల మధ్యకు తెస్తుంది. సుత్తి మొహానికి అయస్కాంతం ఉంటుంది. పెదాలకు ఆనిస్తే మేకు అంటుకుని వస్తుంది. ఒక దెబ్బకు నిలబడుతుంది, రెండో దెబ్బకు దిగుతుంది. ఇప్పుడు గాలితో కొట్టే మిషన్లు వచ్చాయి గానీ, మూలలూ వంపులూ వచ్చేసరికి నోరే గతి.

నోట్లో మేకులున్నవాడు మాట్లాడడు. పొద్దంతా అలవాటైన మౌనం ఇంటికి కూడా వస్తుంది. మా ఊరి పెళ్ళికొడుకు మూగవాడో కాదో పెళ్ళయ్యాక గానీ తేలదని పై ఊళ్ళవాళ్ళు నవ్వుతారు.

తుమ్మో దగ్గో వస్తే మేకు మింగేస్తారు. మింగినవాడి మీద ఎవరూ జాలి పడరు. నాలుగు అరటిపళ్ళు తినమని, బరువులు ఎత్తొద్దని చెప్పి ఆటపట్టిస్తారు. వాడు రోజూ పొద్దున్నే తన సుత్తి పట్టుకుని దొడ్లోకి పోతాడు. అయస్కాంతానికి మేకు దొరికిన రోజున కడిగి తెచ్చి, షెడ్డు గుమ్మం పక్కనున్న గుంజకు కొడతాడు. అందరూ చూస్తారు. ఆ గుంజ నిండా తుప్పు పట్టిన మేకు తలలే. కడుపులోకి పోయిన మేకు కడుపులోంచి వచ్చి తీరుతుందని మావాళ్ళకు ఎవరూ చెప్పక్కర్లేదు. గుంజే చెబుతుంది.

పిడికెడాయనను అసలు పేరుతో షెడ్డులో ఎవరూ పిలవరు. పిడికెడు మేకులు ఒక్కసారే నోట్లో పోసుకుని, ఒక్కటీ జారకుండా సోఫా పూర్తి చేసేవాడు కనుక ఆ పేరొచ్చింది. పెళ్ళాం పోయింది. ఒక్కతే కూతురు. ఆమె అదే షెడ్డులో మిషన్ కుడుతుంది. అల్లుడు పక్క బల్ల మీద మేకులు కొడతాడు. గుంజ మీద అల్లుడి మేకులూ ఉన్నాయి. ఆయనది మాత్రం ఒక్కటీ లేదు. కూతురికి ఏడాది నిండిన పిల్ల. ఇంట్లో దాన్ని బుడ్డది అంటారు. అందరూ పనికి పోతే పక్కింటి ముసలమ్మ చూసుకునేది.

పోయిన చలికాలంలో ఒక పొద్దున ఆయన నీళ్ళు పుక్కిలిస్తే ఎడమ పక్కనుంచి కారిపోయాయి. పెదవి కాస్త వంకర పోయింది. సాయంత్రానికి పెదవి సర్దుకుంది. బుగ్గ సర్దుకోలేదు. లోపల పన్ను గుచ్చుకుని రక్తం వచ్చినా, నోట్లో ఉప్పగా తగిలితే గానీ తెలిసేది కాదు. ఆయన ఎవరికీ చెప్పలేదు. చెబితే మేస్త్రీ ఆ రోజే బల్ల మీదనుంచి దించి చీపురు చేతికిస్తాడు. పిడికెడాయన చీపురు పట్టడమా? మేకుల్ని కుడి బుగ్గకు మార్చుకుందామని చూశాడు. నాలుక ఒప్పుకోలేదు. మీసాలు రాకముందునుంచీ ఎడమకు తిరిగిన నాలుక అది. అందుకని పని దిగేటప్పుడు మిగిలిన మేకులు రేకు గిన్నెలో ఉమ్మి, ఎవరూ చూడకుండా బుగ్గలో వేలుపెట్టి తడుముకుని బయటికి వచ్చేవాడు.

ఆ రోజు తడుముకోలేదు. కూతుర్నీ అల్లుణ్ణీ ఎక్కువ పని ఉందని ఆపేశారు. ముసలమ్మకు ఒంట్లో బాగాలేదని, పిల్ల ఏడుస్తోందని కబురొచ్చింది. ఆయన గిన్నెలో ఉమ్మేసి గబగబా నడిచాడు. ముసలమ్మ గుమ్మంలోనే పిల్లను చేతికిచ్చి తలుపేసుకుంది.

పొయ్యి మీద బంగాళదుంప ఉడికించాడు. వేడిగా ఉంది. ఆయన కొంచెం కొరికి, నోట్లోనే మెత్తగా చేసి, చల్లారాక వేలితో తీసి పిల్లకు పెట్టాడు. రోజూ పెట్టేది అలాగే. నాలుగు ముద్దలు తిన్నాక పిల్లకు పొలమారింది. మామూలుగా పొలమారడం కాదు. మొహం నల్లబడింది. ఆయన బోర్లా తిప్పి వీపు మీద చరిచాడు. కాసేపటికి ఊపిరి తీసుకుంది. సన్నగా ఈల వేసినట్టు ఒక చప్పుడు వచ్చి ఆగింది. నీళ్ళు పట్టించాడు. భుజాన వేసుకుంటే నిద్రపోయింది.

పిల్లను పడుకోబెట్టి దొడ్లో నోరు కడుక్కుంటుంటే రాతి మీద టక్కుమని ఏదో పడింది. వంగి చూశాడు. మేకు. ఇందాక నోట్లో దుంపతో పాటే ఉంది. బుగ్గలో ఉన్న సంగతి బుగ్గకే తెలియదు. అదొక్కటే మిగిలిందో, ఇంకోటి కూడా మిగిలిందో చెప్పగలిగేది ఆ బుగ్గే.

అల్లుడు వచ్చేదాకా ఆయన దొడ్లోనే కూర్చున్నాడు. కూతురు లోపలికి పోయాక అల్లుణ్ణి పక్కకు పిలిచాడు.

"అల్లుడూ, బుడ్డది మేకు మింగినట్టుంది."

అల్లుడు ముందు నవ్వాడు. "మన షెడ్డు మేకేనా మామా, పక్క షెడ్డుదా?" అన్నాడు. మామ మొహం చూసి నవ్వాపాడు. ఎలా మింగిందని అడిగాడు. చొక్కాకు అంటుకుని వచ్చుంటుందని మామ చెప్పాడు. బుగ్గ సంగతి చెప్పలేదు.

"అరటిపండు పెట్టావా?"

"ఇంకా లేదు."

"పెడదాం. మనకి దిగేది దానికి దిగదా ఏంటి. రెండు రోజులు చూద్దాం. దానికి మాత్రం చెప్పకు, ఇల్లు పీకి పందిరేస్తుంది."

దానికి అంటే తన పెళ్ళానికి. మామ తలూపాడు. ఆ తలూపడంలో ఆయనకు కొంచెం హాయి కూడా ఉంది. కూతురైతే చొక్కా మాట నమ్మదు.

మర్నాటినుంచి పిల్ల గుడ్డలు ఉతకడం అల్లుడు మీద వేసుకున్నాడు. పెళ్ళైననాటినుంచీ తన కంచం తాను తీయని మనిషి. వీధిలో ఆడవాళ్ళు ఒకరినొకరు పొడుచుకుని నవ్వారు. పెళ్ళాం ఇవాళ వాన కాదు, రాళ్ళే పడతాయని ఎగతాళి చేసింది గానీ లోపల మురిసింది. అతను సుత్తిని తువ్వాల్లో చుట్టి తీసుకుపోయి, దొడ్లో గుడ్డ పరిచి, అయస్కాంతాన్ని దాని మీదుగా నెమ్మదిగా తిప్పేవాడు. ఏమీ అంటుకునేది కాదు. మామ గుమ్మం దగ్గర నిలబడి చూసేవాడు. అల్లుడు తల అడ్డంగా ఊపేవాడు. పిల్ల అరటిపళ్ళు మాత్రం బాగా తింటోంది.

పిల్లకు దగ్గు పట్టుకుంది. కూతురు జలుబనుకుంది. మందుల షాపువాడు ఎర్రటి దగ్గుమందు ఇచ్చాడు. తర్వాత జ్వరం వచ్చింది. డాక్టరుకు చూపిద్దామా అని మామ ఒకసారి అడిగాడు. తనది ఒకటి వారం దాకా రాలేదని, అన్ని రోజులూ తాను బల్ల మీదే ఉన్నానని అల్లుడు చెప్పాడు. మేకుకూ దగ్గుకూ సంబంధమేమిటన్నాడు. అతను చెప్పింది తప్పని మామకూ అనిపించలేదు. ఊళ్ళో ఎవర్ని అడిగినా అదే చెప్పేవాళ్ళు. కాకపోతే ఆ సాయంత్రం పిల్ల ఊపిరిలో విన్న ఈల ఆయనకు గుర్తుంది. ఆ మాట కూతురికి చెప్పాలంటే దుంప సంగతి చెప్పాలి, దుంప సంగతి చెబితే బుగ్గ సంగతి చెప్పాలి. రోజూ పొద్దున చెబుదామనుకునేవాడు. పొద్దున్నే నోట్లో మేకులు పోసుకునేవాడు. ఇక చెప్పే వీలుండేది కాదు.

జ్వరం తగ్గింది. అమ్మయ్య అనుకున్నారు. మళ్ళీ వచ్చింది. ఈసారి పిల్ల నోటినుంచి వాసన కూడా వచ్చింది.

ఆ రోజు పిల్లకు బాగా లేదని అల్లుడు పని ఎగ్గొట్టి ఇంట్లో ఉన్నాడు. కూతురి మిషన్ బెల్టు తెగింది. మేస్త్రీ ఆమెను ఇంటికి పంపేశాడు. ఆమె దొడ్డి వైపునుంచి వచ్చింది. మొగుడు ఉతికే రాయి దగ్గర గొంతుక్కూర్చుని, పిల్ల గుడ్డ మీద సుత్తి తలకిందులుగా పట్టుకుని తిప్పుతున్నాడు. ఇంకో ఊరి ఆడదైతే వీడికి పిచ్చెక్కిందనుకునేది. ఈమె మేకులవాడి కూతురు, మేకులవాడి పెళ్ళాం. చిన్నప్పుడు తండ్రి స్నేహితులు దొడ్లో అలా కూర్చోవడం చూసిందే.

"ఎన్నాళ్ళైంది?" అంది.

అతను చెప్పాడు. ఆమె లోపలికి పోయి పిల్లను ఎత్తుకుని, చెప్పులైనా వేసుకోకుండా వీధిలోకి నడిచింది. అతను వెనక పరిగెత్తాడు. దారిలో షెడ్డు గుమ్మం దగ్గర మామను కేకేశాడు. ఆయన నోట్లో మేకులు నేల మీద ఉమ్మేసి వచ్చాడు.

ఆసుపత్రిలో ఎక్స్‌రే తీశారు. ఫిల్మును దీపం ముందు పెట్టగానే అల్లుడు ముందుకు వంగి కడుపంతా వెతికాడు. ఎక్కడా లేదు. "వచ్చేసింది మామా, మనమే చూసుకోలేదు," అన్నాడు. గొంతులో ఆనందం కూడా వచ్చేసింది. డాక్టరు అతని మాటకు అడ్డు రాలేదు. వేలు తెచ్చి పైన, పక్కటెముకల మధ్య పెట్టాడు. మేకు అక్కడుంది. తల కిందికి, మొన పైకి. దాని చుట్టూ తెల్లగా పొగమంచులా ఉంది.

"ఇది కడుపు కాదు. ఊపిరితిత్తి," అన్నాడు. "ఇక్కడికి పోయింది దానంతటది రాదు. ఇన్ని రోజులు ఏం చేస్తున్నారు?"

పెద్దాసుపత్రికి బండి పిలిపించారు.

పెద్దాసుపత్రిలో పిల్లను లోపలికి తీసుకుపోయాక ముగ్గురూ వసారాలో కూర్చున్నారు. అక్కడ పాత రెగ్జిన్ సోఫా ఉంది. పిడికెడాయన చెయ్యి దాని అంచు కిందికి పోయింది. మేకులు దగ్గరదగ్గరగా, వరసగా ఉన్నాయి. మావాళ్ళ పనే. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

అల్లుడు టీ తెస్తానని వెళ్ళాడు. కూతురు తండ్రి పక్కకు జరిగింది. మేకు పిల్ల నోట్లోకి ఎలా పోయిందో చెప్పమంది. ఈసారి ఆయన చొక్కా మాట ఎత్తలేదు. దుంప పెట్టానన్నాడు. నోట్లో మేకు ఉన్నట్టు తెలియలేదా అని అడిగింది. ఆయన ఎడమ బుగ్గ మీద చెయ్యి పెట్టుకున్నాడు.

"నోరు తెరువు నాన్నా."

తెరిచాడు. ఆమె ఎడమ బుగ్గలో వేలు పెట్టి, గోటితో గట్టిగా నొక్కింది. ఆయన ఆమె కళ్ళలోకి చూస్తూ ఉన్నాడు. ఆ కళ్ళను బట్టే ఎంత గట్టిగా నొక్కుతోందో తెలిసింది.

"నొప్పుందా?"

లేదన్నట్టు తలూపాడు.

"ఎప్పట్నుంచి?"

"చలికాలం నుంచి."

ఆమె వేలు తీసింది. వేలికి రక్తం అంటింది. చీరకు తుడుచుకుంది. "మేకు సంగతి చెప్పలేదు, సరే. దీని సంగతి చెప్పుంటే నేను పిల్లని నీ చేతికిచ్చేదాన్నా?" అంది. గట్టిగా కూడా అనలేదు. అల్లుడు టీ తెచ్చాడు. ముగ్గురిలో ఎవరూ తాగలేదు.

మేకు తీశారు. దాని చుట్టూ కుళ్ళిన ఊపిరితిత్తి కింది ముక్క కూడా కోసి తీసేశారు. పిల్ల బతికింది. వీపు మీద మెడ దగ్గర్నుంచి చంక కిందిదాకా కుట్లు. పరిగెత్తితే ఆయాసం వస్తుందని, ప్రతి జలుబుకూ భయపడాలని చెప్పి పంపారు.

తిరిగొచ్చిన మర్నాడు కూతురు మిషన్ దగ్గరికి పోకుండా నేరుగా మేస్త్రీ దగ్గరికి పోయింది. మా నాన్న బుగ్గ చచ్చుబడిందని చెప్పింది. షెడ్డంతా విన్నది. పిడికెడాయన సుత్తి బల్ల మీద పెట్టి దిగాడు. ఎవరూ ఒక్క జోకు వేయలేదు. ఇప్పుడు చీపురు పని కూడా లేదు. ఊడవడానికి ఆయనకంటే ముందు దిగిపోయినవాళ్ళు బారు తీరి ఉన్నారు. అల్లుడు ఎప్పటిలాగే బల్ల దగ్గరికి పోయాడు. మామతో మాట్లాడడం మానేశాడు. నోట్లో మేకులుంటాయి కనుక ఆ సంగతి చాలా రోజుల దాకా ఎవరూ గమనించలేదు.

పక్కింటి ముసలమ్మ, కుట్లున్న పిల్లను తాను చూడలేనని, ఏమన్నా అయితే మాట పడలేనని చెప్పేసింది. మందులు ఆగవు. మిషన్ ఆపితే పొయ్యి ఆగుతుంది. పొద్దంతా ఇంట్లో ఉండేది ఒక్క మనిషే. కూతురు రెండు రాత్రులు మొగుడితో పోట్లాడింది. తండ్రిని ఒక్కమాట అడగలేదు. మూడో రోజు పిల్లను తెచ్చి ఆయన ఒళ్ళో పెట్టింది.

ఆమె అన్నం మెత్తగా నలిపి, చల్లార్చి, గిన్నెలో పెట్టి మూత పెట్టింది. చెంచా పక్కన పెట్టింది. "చెంచాతోనే," అంది. ఆయన సరేనన్నాడు. ఆమె వెళ్ళలేదు. ఎదురుగా నిలబడింది. ఆయనకు అర్థమయ్యి నోరు తెరిచాడు. ఆమె వేలు పెట్టి, కింది చిగుళ్ళ దాకా తడిమి, తీసి వెళ్ళిపోయింది.

పిల్లకు ఆకలైంది. ఆయన చెంచాతో పెట్టాడు. పిల్ల మొహం తిప్పుకుంది. మళ్ళీ పెట్టాడు. ఉమ్మేసింది. మెల్లగా పాకి ఆయన గుండెల మీదికి ఎక్కి, రెండు చేతులతో పెదాలు పట్టుకుని విడదీయబోయింది. నోట్లోది కావాలని. ఆయన పెదాలు బిగించాడు. పిల్ల లాగింది, గిల్లింది. కుడి పక్క నొప్పి తెలిసింది. కాసేపటికి ఏడుపు మొదలుపెట్టింది. ఆ ఏడుపు సగంలో ఆగి, ఊపిరి అందక, మళ్ళీ మొదలవుతోంది. వద్దు తల్లీ అనైనా అంటే ఊరుకునేదేమో. అనాలంటే నోరు తెరవాలి. ఆయన తెరవలేదు. చెంచా పట్టుకుని అలాగే కూర్చున్నాడు.