హిల్కీయా నోట రావలసిన మాట

హిల్కీయా ఇంట పెళ్లి విందులో ద్రాక్షారసం అయిపోయిందన్న కబురు చెవిన పడగానే హొగ్లా ముందు ముఖం కడుక్కుంది. పెట్టె అడుగున దాచిన మంచి ముసుగుబట్ట తీసి తలమీద వేసుకుంది. తర్వాత వాకిట్లో పీట వేసుకుని దర్జాగా కూర్చుంది. కానా ఊళ్లో నలుగురికి పోయదగ్గ రసం ఇక తన ఇంట్లోనే ఉంది. హిల్కీయా రాక ఎక్కడికి పోతాడు? రావాలి, వచ్చి ఒక్క మాట అనాలి.

ఆ మాట కోసం ఆమె రెండేళ్లుగా కాచుకుని ఉంది. తన కూతురు తిర్సాను కొడుక్కి చేసుకుంటానని హిల్కీయాయే అడిగాడు. అప్పుడే వరస కలిపేసి నోరారా వదినా అని పిలిచేవాడు, వచ్చినప్పుడల్లా ఆమె పెట్టిన అంజూరపు పళ్లు గంపలకొద్దీ మింగేవాడు. అంతలో సెప్ఫోరిసు పట్టణంలో మేడ ఉన్న సంబంధం దొరికింది. అంతే, వరస మారిపోయింది. తండ్రి లేని పిల్లకు అదుపెక్కడుంటుందని బావి దగ్గర నలుగురి ముందూ నవ్వుతూ అన్నాడు. ఆ మాట తప్పని మళ్లీ నలుగురి ముందూ వాడి నోటితోనే అనిపించాలి. అలా అంటే తిర్సా పెళ్లికని దాచిన రసమంతా ఇచ్చేస్తుంది. అనకపోతే చుక్క విదల్చదు.

ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత. హిల్కీయా బతుకంతా అదే. పట్టణపు వియ్యాలవారు చూడాలని ఊరూ వాడా పిలిచాడు, చుట్టుపక్కల పల్లెలనూ పిలిచాడు. పెళ్లేమో ఏడు రోజులు, కొన్న రసం చూస్తే మూడు రోజులకు కూడా చాలదు. దీనికి తోడు నజరేతు నుంచి వచ్చిన ఒకామె కొడుకు తానొక్కడూ వచ్చి ఊరుకోక వెంట జాలర్ల గుంపును వేసుకొచ్చాడు. అతను బోధకుడట. పొద్దున లేస్తే చేపల కంపు కొట్టే శిష్యులూ, వాళ్లకొక బోధకుడూ అని హొగ్లా పొద్దుటే మూతి తిప్పింది.

తిర్సా లోపలి నుంచి వచ్చి, రెండు జాడీలు తానే మోసుకెళ్లి ఇచ్చి వస్తానంది. పెళ్లికూతురు ఏం పాపం చేసింది, పుట్టింటివాళ్ల ముందు ఆ పిల్లకెందుకు తలవంపులంది.

"నోర్ముయ్. వాడు రావాలి," అంది హొగ్లా.

వీధిలో డప్పుల చప్పుడు మందగించింది. పాట ఆగింది. హొగ్లాకు కడుపు చల్లబడింది. అనవలసిన మాటలన్నీ మనసులో మరోసారి వరస పెట్టుకుంది. ముందు కాసేపు నిలబెట్టాలి, కూర్చోమనకూడదు. వీధిలో నలుగురూ పోగయ్యాక కదలాలి.

హిల్కీయా రాలేదు. ఆగిన డప్పులు మళ్లీ మోగాయి, ఈసారి ఇంకా జోరుగా. పెళ్లింట్లో రొట్టెల పిండి కలుపుతున్న పొరుగింటి మిల్కా పరుగెత్తుకొచ్చింది.

"రసం వచ్చిందక్కా," అంది రొప్పుతూ.

ఎవరిచ్చారంటే ఎవరూ ఇవ్వలేదట. కాళ్లూ చేతులూ కడుక్కునే నీళ్లకని పెట్టిన రాతిబానలు నింపమని ఆ నజరేతు అతను చెప్పాడట. పనివాళ్లతో కలిసి తనూ అంచుల దాకా నింపిందట. ముంచి చూస్తే ద్రాక్షారసం!

"నీకు మతి పోయిందా?"

"ఈ చేతులతో నేనే పోశానక్కా. బావి నీళ్లే."

తాగినవాళ్లకు కుడితి పోసినా ద్రాక్షారసంలాగే ఉంటుందని హొగ్లా ఈసడించింది. హిల్కీయా పిసినిగొట్టు ఎక్కడో దాచిపెట్టి, ఇప్పుడు తీసి నాటకమాడుతున్నాడంది. ఆ నాటకం ఊరందరి ముందూ బయటపెట్టాలని బయల్దేరింది. తిర్సా, మిల్కా వెంట నడిచారు.

అక్కడ విందు పెద్ద హిల్కీయాను ఆకాశానికెత్తుతున్నాడు. ఇంత మంచి రసాన్ని చివరిదాకా దాచిన ఇంటిని తాను చూడలేదట. హిల్కీయా గడ్డం నిమురుకుంటూ, ఆ దాచినవాడు తానేనన్నట్టు తల ఊపుతున్నాడు. సిగ్గు లేకపోతే సరి! హొగ్లా ఒక గిన్నె పోయించుకుని నోట్లో పోసుకుంది. చుట్టుపక్కల ఏ కొండవాలు రసమైనా నాలుక మీద పడితే ఆమె ఇట్టే చెప్పేస్తుంది. ఇందులో పులుపు వెతికింది, వగరు వెతికింది, తేనె కలిపిన మోసం వెతికింది. ఏదీ దొరకలేదు. ఏ కొండదో కూడా తెలియలేదు. తన ఇంట్లో దాచినదాని కంటే బాగుంది.

ఆమెకు ఒళ్లు మండిపోయింది. ఇంకొక్క ఘడియ ఆగితే ఆ నజరేతువాడి సొమ్మేం పోయింది? ఊళ్లో ఇన్ని కొంపలుండగా, ఇన్ని కష్టాలుండగా, ఈ బడాయికోరు పరువు కాపాడటానికేనా అంత శక్తి దిగివచ్చింది?

హిల్కీయా ఆమెను చూసి చేతులు చాచి ఎదురొచ్చాడు. రెండేళ్ల తర్వాత మళ్లీ వదిన అయిపోయింది.

"నీ దగ్గరికే బయల్దేరాను వదినా. గానుగ మలుపు దాకా వచ్చాను. అంతలో వెనక్కి పిలిచారు."

"ఏమందామని బయల్దేరావు?"

చుట్టూ ఉన్నవాళ్లు మాటలాపి చూశారు. హిల్కీయా ఒక్క క్షణం తిర్సా వైపు చూసి, పకపకా నవ్వాడు.

"ఏదనమంటే అది అనేవాణ్ణి. కాళ్లు పట్టుకోమన్నా పట్టుకునేవాణ్ణి. ఇప్పుడెందుకులే, గండం గడిచిందిగా. తాగు వదినా, తాగు."

అతను మరో వరస అతిథుల దగ్గరికి సాగిపోయాడు. హొగ్లా గిన్నె పట్టుకుని నిలబడిపోయింది. రెండేళ్లు కాచుకున్న మాట జాడీల కోసం పుట్టేది, జాడీలు దక్కగానే చచ్చేది. వాడు వాకిట్లోకి వచ్చి అనుంటే తాను నిజమని నమ్మి, కూతురి పెళ్లికని దాచిందంతా ఊడ్చి వాడి మొహాన పోసేది. ఇంత తెలివితక్కువ బేరం కానాలో మరెవరూ చేసి ఉండరు. ఆమెకు సిగ్గేసింది.

"నాకా మాట ఎప్పుడూ అక్కర్లేదమ్మా," అంది తిర్సా మెల్లగా. "కావలసింది నీకే."

హొగ్లా కూతురి మొహం చూసింది. అందులో ఏడుపు లేదు. తన చేతిలోని గిన్నెను, రసం పోస్తున్న మిల్కా ముందుకు చాచింది.

"మా తిర్సాకు పొయ్యవే. నిండా పొయ్యి, ఏమాలోచిస్తావ్? ఇదేమీ హిల్కీయా అబ్బ సొమ్ము కాదుగా."