ముడుల్లేని దేవదారు

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. ఆ పెద్దలకి మా ఆయన తెలియడు కాబట్టి రెండింటితో సరిపెట్టారు. తెలిసుంటే పెరటి గుమ్మానికి డెక్ వేయించి చూడు అని మూడోది కూడా చేర్చి ఉండేవాళ్లు.

సంగతేమిటంటే, మా అత్తయ్య స్నానాల గదిలో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. ఆపరేషనయ్యి ఇంటికైతే వచ్చింది గానీ ఇంక చక్రాల కుర్చీయే ఆవిడకి కాళ్లు. మా ఇంటికి ఎండ తగిలేది పెరట్లోనే, ఆవిడ ప్రాణంలా పెంచుకున్న మొక్కలూ అక్కడే. గుమ్మం దాటితే నిటారుగా మూడు మెట్లు. ఒకసారి నేనూ ఆయనా కుర్చీతో సహా ఎత్తి దించబోతే అది ఓ పక్కకి ఒరిగింది, ఆవిడ కెవ్వుమంది. "నన్ను బస్తాలా మొయ్యకండర్రా. నా అంతట నేను వెళ్లగలిగిన రోజునే వెళ్తాను" అని అప్పట్నుంచీ భీష్మించుకుని, అద్దం తలుపు వెనక కూర్చుని పెరటి వైపు చూడటమే పనిగా పెట్టుకుంది.

మెట్ల మీదుగా, గుమ్మం ఎత్తుకి సమానంగా చెక్కలతో డెక్ వేస్తే కుర్చీ హాయిగా బయటికి దొర్లుతుంది. ఈ ఆలోచన మా ఆయనదే. ఆ పుణ్యం ఆయన ఖాతాలోనే వేస్తాను, నాకేం కుళ్లు లేదు. "అమ్మా, ఎండలు మొదలయ్యేసరికి నువ్వు పెరట్లో ఉంటావు" అన్నాడు. ఆవిడ ముఖం వెలిగిపోయింది. కొలతలు తీసుకోడానికొచ్చిన వడ్రంగి "దేవదారు వేద్దాం సార్, తడికి కుళ్లదు, పురుగు ముట్టదు" అన్నాడు. అంతవరకూ బాగానే ఉంది. వెళ్తూ వెళ్తూ "అందులో రకాలున్నాయి, చూసి తెచ్చుకోండి" అన్నాడు, మా కొంప ముంచడానికి.

మా ఆయన కాలికి బలపం కట్టుకుని బయల్దేరాడు. మొదటి కలప అడితిలో ముడులున్న రకం, అంటే కొమ్మ మొలిచిన చోట నల్లటి మచ్చ మిగిలినది, చవక. "ముడి ఉంటేనే అందం సార్, బుగ్గ మీద పుట్టుమచ్చలాగా" అన్నాడు ఆసామి. రెండో అడితిలో ముడుల్లేని రకం, దానికి మూడింతల ధర. "ముడి అంటే రోగం సార్. ఎండకి ఊడిపోయి చిల్లు పడుతుంది" అన్నాడు వీడు. మూడోవాడు వాళ్లిద్దర్నీ కలిపి ఏకేశాడు. "వాళ్లు బెరడు పక్కనుండే తెల్లచెక్క కలిపేస్తారు, అది ఇట్టే పుచ్చిపోతుంది. లోపలి నిఖార్సైన చేవ మా దగ్గరే" అన్నాడట. ఒకే చెట్టు బాబూ అది, ముగ్గురూ దాన్నే నరుక్కొచ్చారు!

ఇక మా ఇల్లు ఇల్లు కాదు. పోయిన ప్రతిచోటా మచ్చుకి ఓ ముక్క పట్టుకొచ్చాడు. తడికి ఎంత ఉబ్బుతాయో చూడాలని వాటిని స్నానాల బకెట్లలో నానబెట్టాడు. నేను పాలగిన్నెతో స్నానం చేశాను, ఎవరికి చెప్పుకోను? పప్పులు తూచే త్రాసు మీద చెక్కలు తూచాడు. గోటితో నొక్కి "చూశావా, ఎంత మెత్తగా ఉందో! ఇట్టే గాటు పడుతోంది" అని మురిసిపోయాడు. ఒక్కో ముక్కనీ ముక్కు దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకునేవాడు. అడితిల్లో ఆయనకి 'వాసన సార్' అని పేరు పెట్టారు. ఆ పేరుతోనే ఇంటికి ఫోన్లు వచ్చేవి. తీశాను కాబట్టి నాకు తెలుసు.

సాయంత్రం అవగానే ముక్కలన్నీ తెచ్చి అత్తయ్య ఒళ్లో పోసేవాడు. "అమ్మా, ఏది బాగుంది?"

"అన్నీ బాగున్నాయి నాన్నా. ఏదో ఒకటి వెయ్యి."

"ఏదో ఒకటా!" అనేవాడు, ఆవిడేదో తిట్టినట్టు.

ఒకటి తేల్చుకునేలోపు ధర పెరిగేది. పెరిగింది కాబట్టి తగ్గేదాకా ఆగుదామనేవాడు. తగ్గితే, తగ్గిందంటే సరుకులో ఏదో లోపం ఉంది అనేవాడు. ఎండలు మొదలయ్యాయి, ముదిరాయి, సన్నగిల్లడం కూడా మొదలెట్టాయి. ముడులున్నదే వేయించండి, మీ అమ్మ ముడులు లెక్కపెట్టుకోడానికి వెళ్లట్లేదు బయటికి అని మొత్తుకున్నాను. "నీకు నాణ్యత విలువ తెలీదు" అన్నాడు. నిజమే, తెలిసుంటే ఈ సంబంధం చేసుకుంటానా! చాదస్తపు మొగుడు చెబితే వినడు, గిల్లితే ఏడుస్తాడని ఊరికే అన్నారా!

అత్తయ్య మాత్రం ఒక్క మాట అనలేదు. డెక్ ఎప్పుడని అడగడం కూడా మానేసింది. ఒకరోజు నేను అటువైపు వెళ్తుంటే పిలిచింది.

"ఆ పరదా వేసెయ్యమ్మాయ్. ఎండ కళ్లల్లో పడుతోంది."

అప్పటికి ఎండ గోడ దాటి వెళ్లిపోయింది. నేను పరదా వేసి, వంటింట్లోకెళ్లి, కొళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చాను. ఏడుపయ్యాక కళ్లు తుడుచుకుని బయటికొచ్చి మా ఆయన్ని దులిపేశాను. ఏమన్నానో నాకే గుర్తులేదు గానీ చేతిలో అట్లకాడ ఉన్నట్టు గుర్తు. మర్నాడు సరుకొచ్చింది. ముడుల్లేనిది, చేవగలది, అన్నిటికంటే ఖరీదైనది.

అబద్ధమెందుకు, డెక్ అద్భుతంగా కుదిరింది. తేనెరంగులో, ఒక్క మచ్చ లేకుండా, ఇల్లంతా కమ్మని వాసన. మా ఆయన నూనె పట్టించి ఆరబెట్టి, దాని మీద కాకి వాలినా తరిమికొట్టాడు. వడ్రంగి చేత చెప్పులు విప్పించి పని చేయించాడు. ఆరిందని ఆయన ప్రకటించిన రోజున అత్తయ్య తల దువ్వించుకుంది, పెట్టె అడుగు నుంచి మంచి శాలువా తీయించి కప్పుకుంది. నేను పరదా లాగి తలుపు తెరిచాను. కుర్చీ గుమ్మం దగ్గరికి వచ్చింది.

"ఆగండాగండి!" మా ఆయన రెండు చేతులూ చాపి అడ్డం నిలబడ్డాడు.

"ఏమైందిరా?"

"అది కాదమ్మా, ఇది మెత్తటి కర్ర. కుర్చీ చక్రాలు సన్నంగా ఉన్నాయి, బరువంతా ఒక్క గీత మీదే పడుతుంది. గాట్లు పడిపోతాయి. పైన రబ్బరు పట్టా వేద్దాం. నాలుగైదు రకాలున్నాయట. రేపెళ్లి చూసొస్తా."

నేను అట్లకాడ కోసం వంటింటి వైపు తిరిగాను. ఈలోగా అత్తయ్య శాలువా మోచేతుల దాకా తోసుకుని, రెండు చేతులూ చక్రాల మీద వేసింది.

"తప్పుకోరా" అంది.

ఆ గొంతు విని తప్పుకున్నాడు. ఆవిడ పళ్లు బిగించి తోసుకుంది. గడప దగ్గర కుర్చీ ఒక్కసారి తటపటాయించి, ఎవరూ చెయ్యి వెయ్యకుండానే బయటికి దొర్లింది. డెక్ మధ్యలో ఆపుకుని, రొప్పుతూ, తల పైకెత్తి ఆకాశం చూసింది.

వెనక తేనెరంగు చెక్క మీద రెండు గీతలు పడ్డాయి. మా ఆయన మోకాళ్ల మీద కూలబడి వాటిని బొటనవేలితో రుద్దడం మొదలెట్టాడు.

"చెరుగుతాయా?" అంది అత్తయ్య, వెనక్కి తిరక్కుండానే.

"చెరగవమ్మా."

"మంచిదే. నేను లేనప్పుడు చూసుకుంటావు."

ఆయన వేలు ఆగిపోయింది. తర్వాత లేచి, ముక్కు చీదుకుని, "ఎండ ఆ మూలకి పోయిందమ్మా, తీసుకెళ్లనా?" అని అడిగాడు. ఆవిడ తలూపాక కుర్చీ వెనక్కెళ్లి, ఒక్క గీతైనా లేని చెక్కల మీదుగా మెల్లగా తోసుకెళ్లాడు.