లీయా క్నూట్, బాకెన్ క్నూట్

టోర్లైవ్ లీయా రాసిన వంశ చరిత్ర ఆ లోయలో బైబిలు ఉన్న ప్రతి ఇంట్లోనూ ఉంది. బడి పంతులుగా పనిచేస్తూ, సెలవులన్నీ దానికే పెట్టి, నలభై ఏళ్ల కిందట అచ్చు వేయించాడు. చర్చిలో ప్రభు భోజనపు వెండి పాత్ర దొంగిలించి, బెర్గెన్ కోటలో సంకెళ్లతో చనిపోయిన క్నూట్ ఊల్సెన్ అనేవాడు తమ లీయా కమతానికి పక్కనున్న బాకెన్ కమతం వాడని అందులో రాశాడు. రెండు వందల ఏళ్ల నాటి సంగతే అయినా, బాకెన్ పిల్లల్ని బడిలో "గిన్నె ఎక్కడ దాచార్రా?" అని ఏడిపించారు. ఆ ఇంటి కోడలు బోర్గిల్డ్ ఆ ఏడాది నుంచి ప్రభు భోజనంలో ద్రాక్షరసం పాత్ర అందుకోవడానికి ముందుకు వెళ్లలేదు. ప్రార్థనకు వచ్చి, వెనక బెంచీలో కూర్చుని వెళ్లిపోయేది.

పుస్తకం రెండో ముద్రణ పని టోర్లైవ్ అన్న కూతురు ఓషిల్డ్ మీద పడింది. తేదీలు సరిచూస్తే చాలనుకుంది. కానీ కోట ఖైదీల వివరాల్లో దొంగ ఎడమ చేతికి రెండు వేళ్లు లేవని ఉంది. సైన్యం పాత చిట్టాలు తీయిస్తే ఇద్దరు క్నూట్ ఊల్సెన్‌లు కనిపించారు. ఇద్దరి తండ్రుల పేరూ ఊలాయే కాబట్టి ఇద్దరూ ఊల్సెన్‌లే, అంటే ఊలా కొడుకులే. బాకెన్ క్నూట్ సిపాయిగా చేశాడు. లీయా క్నూట్‌ను మాత్రం చెట్టు కొడుతూ రెండు వేళ్లు పోగొట్టుకున్నాడని సైన్యంలోకి వద్దన్నారు. చేపల వేటకు వెళ్లి సముద్రంలో పోయాడని పుస్తకంలో ఉన్న ఆ లీయా క్నూట్, టోర్లైవ్ తాతకు స్వయానా తాత.

"బాబాయ్, దొంగ మనవాడే," అంది ఓషిల్డ్, కాగితాలు ఆయన ముందు పెట్టి.

టోర్లైవ్ కళ్లజోడు తుడుచుకుని చదివాడు. "వేళ్లు ఎవరికైనా తెగుతాయి. ఈ లోయలో గొడ్డలి పట్టనివాడెవడే?"

"దొంగతనం జరిగిన నెలంతా బాకెన్ క్నూట్ తూర్పు సరిహద్దులో కాపలాలో ఉన్నాడు."

"మా నాన్న బాకెన్ వాడనే చెప్పాడు."

"తాతయ్యకెవరు చెప్పారు?"

ఆయన కాగితాలు వెనక్కి నెట్టాడు. "సరే, మార్చెయ్. చివర్లో, సన్న అక్షరాల్లో," అన్నాడు.

"బోర్గిల్డ్ పెద్దమ్మకు సన్న అక్షరాలు కనపడవు బాబాయ్."

మర్నాడు ఓషిల్డ్ బాకెన్‌కు వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పింది. తొంభైకి దగ్గరపడిన బోర్గిల్డ్ ఊలు అల్లడం ఆపకుండా వింది.

"అయితే ఆ వేళ్లు లేనివాడు మీవాడా?"

"మావాడే."

"మా ఆయన ఈ మాట వినకుండానే పోయాడు." ముసలామె దారం సర్దుకుంది. "మీ బాబాయి నా దగ్గరికి రానక్కర్లేదు. మా మీద రాసింది ఊరందరికీ. ఊరందరి ముందే చెప్పమను."

టోర్లైవ్ కొన్నాళ్లు చర్చి ఛాయలకు రాలేదు. ఆఖరికి ఒక ఆదివారం పాదిరిని అడిగి, ప్రభు భోజనానికి ముందు చేతికర్ర మీద ఆనుకుని నిలబడ్డాడు.

"బాకెన్ క్నూట్ ఏ పాపమూ ఎరగడు. పాత్ర తీసింది మా తాతకు తాత. నేను విన్నది రాశాను. వెతకలేదు."

ఎవరో కిసుక్కున నవ్వారు. లీయా బంధువొకాయన విసురుగా లేచి వెళ్లిపోయాడు. బోర్గిల్డ్ తల ఊపింది, అంతే. ఆరోజు కూడా ముందుకు వెళ్లలేదు. పాత్ర తానే తెస్తానని పాదిరి వంగి అంటే, "వద్దు బాబూ, నాకెప్పుడు రావాలనిపిస్తే అప్పుడు వస్తాలే," అంది.

బయట కాఫీ దగ్గర టోర్లైవ్ ఒంటరిగా నిలబడ్డాడు. ఓషిల్డ్ పక్కకు వెళ్లేసరికి కప్పులోకి చూస్తూ అడిగాడు.

"మన క్నూట్ పెళ్లాం మార్తా ఏమైందంటావ్? మొగుడు సంకెళ్లలో ఉంటే, పిల్లలతో ఆ కమతం నిలబెట్టింది. సముద్రంలో పోయాడని పిల్లలకు చెప్పింది ఆవిడేనేమో. నేను ఆవిడ గురించి ఒక్క ముక్కే రాశాను."

"వెతుకుదామా?"

"నన్నూ తీసుకెళ్తావా?"

సోమవారం ఇద్దరూ పాత చిట్టాలుండే బెర్గెన్‌కు బస్సెక్కారు.