తొమ్మిదో ఇన్నింగ్స్‌లో ముగింపు ప్రార్థన

మళ్ళీ వీడేనా, ఇంతమంది ఉండగా బంతి వేయడానికి మళ్ళీ వీడినే పిలిచాడా ఈ మేనేజర్, అదిగో మైదానం అంచున తలుపు తెరుచుకుంది, డాల్టన్ తల వంచుకుని పరుగెత్తుకొస్తున్నాడు, బేస్‌బాల్ స్టేడియం మొత్తం ఒక్కసారిగా ఉసూరుమంది, నా వెనక వరసలో ఒకావిడ ఓ గాడ్, నో అని మొహం చేతుల్లో దాచుకుంది, ఎనిమిదో ఇన్నింగ్స్‌లో ఆ పొడుగాటి ఎడమచేతివాడు పదకొండే బంతుల్లో ముగ్గుర్నీ అవుట్ చేశాడు కదా, వాణ్ణే ఉంచితే ఏం పోయింది, నాలుగు రెండుతో మనమే ముందున్నాం, ఇంకో ముగ్గుర్ని అవుట్ చేస్తే ఆట మనది, ఆ ముగ్గుర్ని అవుట్ చేయడానికే క్లోజర్ అనేవాడు ఉంటాడు, ఆఖర్న వచ్చి ఆటకి తలుపేసి వెళ్ళడం, ఆ ఒక్క పనీ ఈ సంవత్సరం డాల్టన్‌కి చేతకావడం లేదు, చేతికొచ్చిన ఆటలు ఏడు పోగొట్టాడు, ఏడో, ఎనిమిదో, పక్కనున్న మా అమ్మాయి ప్రిస్సీని అడగాలి, వద్దు, ఇందాకే అడిగానేమో, అడిగినప్పుడు అది వెంటనే చెప్పలేదు, నా వైపు తిరిగి ఒక్క క్షణం ఆగి అప్పుడు చెప్పింది, ఆ ఆగడం నాకు నచ్చలేదు.

శనివారం మధ్యాహ్నం ఎండ మోకాళ్ళ మీద పడుతోంది, ఒళ్ళో స్కోర్‌బుక్, చేతిలో పెన్సిల్, ఇరవై ఏళ్ళ అలవాటు, ఎవడు బ్యాట్ పట్టాడు, ఎలా అవుటయ్యాడు, అన్నీ గళ్ళల్లో రాసుకుంటే తప్ప నాకు ఆట చూసినట్టుండదు, నేర్పింది ప్రిస్సిల్లాయే, క్రికెట్ తప్ప మరొకటి ఆటే కాదనుకునే తండ్రిని తొమ్మిదేళ్ళ పిల్ల చెయ్యి పట్టుకుని ఇక్కడికి లాక్కొచ్చింది, ఇప్పుడు పడమటి తీరాన రెడ్‌మండ్‌లో ఉద్యోగం, మొన్న గురువారం ఉన్నపళంగా ఊడిపడింది, ఏంటమ్మా ఇలా వచ్చావ్ అంటే, ఊరికే డాడీ, గేమ్‌కి వెళ్దాం, టికెట్స్ బుక్ చేశా అంది, ఊరికే ఎవరైనా అయిదు గంటలు విమానంలో కూర్చుంటారా, వాళ్ళమ్మ ఏమైనా ఫోన్ చేసిందా, చేసి ఏం చెప్పింది, అదిగో మొదటివాడికి నాలుగు బంతులూ బయటే వేశాడు, బ్యాటు కదపకుండానే వాడు ఫస్ట్ బేస్‌కి నడిచిపోయాడు, ఇంతేనా నీ పని డాల్టన్, ఇందుకా నిన్ను పిలిచింది.

జేబులో ఫోన్ వణికింది, చర్చి గ్రూపు, ప్రతి శనివారం ఈ వేళకే పాస్టర్ అయ్యగారు రేపటి ఆరాధన క్రమం పెడతారు, పాటలు ఎవరు, వాక్యం చదివేది ఎవరు, అన్నిటికీ అడుగున ముగింపు ప్రార్థన, సహోదరులు ఏసుపాదం గారు, అంటే నేనే, పందొమ్మిదేళ్ళుగా ఆ వరస మారలేదు, ఇక్కడ వర్జీనియాలో, షాంటిలీలో మా తెలుగు సంఘానికి సొంత గుడి లేదు, అమెరికన్ చర్చివాళ్ళు తమ ఆరాధన అయ్యాక హాలు ఇస్తారు, ఏసుపాదం గారు లేచారంటే బిర్యానీ మూతలు తీయొచ్చు అని అందరికీ నవ్వులాట, కానీ ఆ నాలుగు నిమిషాల కోసం ఎంతమంది ముందే వచ్చి నా చెవిలో వేసేవారు, అంకుల్, నా వీసా స్టాంపింగ్ మంగళవారం, అన్నయ్యగారూ, భీమవరంలో మా అమ్మకి ఆపరేషన్, కోడలికి ఏడో నెల, వీడికి లేఆఫ్ నోటీసు, ముప్ఫై పేర్లు, నలభై పేర్లు, చీటీ లేదు, కళ్ళు మూసుకుంటే వరసగా వచ్చేవి, ఏ తల్లి పేరూ తప్పలేదు, ఏ ఊరి పేరూ తప్పలేదు, ఒకసారి ప్రిస్సీ చిన్నప్పుడు కారులో అంది, డాడీ, యు ఆర్ ద క్లోజర్, ఎంత గర్వపడ్డానో, వారం రోజులు ఆఫీసులో కూడా అదే తలుచుకుని నవ్వుకున్నాను.

ఠప్పున కొట్టాడు రెండోవాడు, బంతి ఎడమవైపు గడ్డిలో పడింది, ఇద్దరు బేసుల మీద, ఇంకా ఒక్కడూ అవుట్ కాలేదు, ఆ జ్ఞాపకార్థ కూడిక గుర్తొచ్చింది, గుర్తుండాల్సినవి ఉండవు గాని ఇది మాత్రం పోదు, మూడు వారాలయింది, మా సంఘంలో పోయిన విమలకుమారి గారి ఫోటో ముందు తెల్లపూలు, ఆమె భర్త ఉదయ్ ముందు వరసలో, పద్నాలుగు నెలలు ప్రతి ఆదివారం ఆమె స్వస్థత కోసం ప్రార్థించాను, ఆ అలవాటే నోట్లో ఉంది, లేచాను, కళ్ళు మూసుకున్నాను, ప్రభువా, మా సహోదరి విమలకుమారి గారిని త్వరగా మంచం మీదినుంచి లేపండి, వచ్చే ఆదివారం ఆమె మా మధ్య కూర్చుని పాడేలా చేయండి అన్నాను, ఆమె కోసం పెట్టిన కూడికలోనే, ఆమెను పూడ్చి పదిరోజులైనా కాలేదు, హాలంతా ఆమేన్ అంది, కళ్ళు తెరిచాక ఫోటో కనబడింది, తర్వాత నాకు నేనే సర్ది చెప్పుకున్నాను, ముగింపు ప్రార్థన ఎవరు వింటారు, ఆకలి మీద ఉంటారు, ఆమేన్ అనేది నోటి అలవాటు, ఎవరూ వినలేదు, వినుంటే ఎవరైనా ఒక్కమాట అనేవారు కదా, అయ్యగారు ఏమీ అనలేదు, ఆ మరుసటి ఆదివారం మళ్ళీ నా పేరే పెట్టారు, ఆ తర్వాత కూడా.

మూడోవాడికి కూడా నాలుగు బంతులు బయటే, బేసులన్నీ నిండిపోయాయి, టేక్ హిమ్ అవుట్, వాణ్ణి తీసెయ్ అని జనం కాళ్ళతో నేల తంతున్నారు, తిట్టాలి ఈ మేనేజర్‌ని, నేనూ లేచి అరిచాను, అరవై మూడేళ్ళ సంఘపెద్దని, గొంతు చించుకుని అరిచాను, ఓడిన ప్రతిసారీ ఈ మేనేజర్ మైకుల ముందుకొచ్చి హీ ఈజ్ అవర్ గై, డాల్టన్ మనవాడు అంటాడు, ఆ ఒక్క ముక్క తప్ప వేరే మాట రాదు, వాడి మీద ప్రేమైతే ఇంటికి పిలిచి అన్నం పెట్టు, బంతి ఇవ్వడం ఎందుకు, ఇంతమంది చేత తిట్టించడం ఎందుకు, వాడికి చెప్పే ధైర్యం లేక వాణ్ణి చంపుతున్నావు కదయ్యా, ఆ మాట అనుకోగానే కూర్చుండిపోయాను.

స్కోర్‌బుక్ కిందపడింది, ప్రిస్సీ వంగి తీసి దులిపింది, చూసింది, డాడీ, సిక్స్త్ ఇన్నింగ్ ఎంప్టీగా ఉంది అంది, నేనూ చూశాను, అయిదు వరకూ ఉంది, ఏడూ ఎనిమిదీ ఉన్నాయి, మధ్యలో ఆరో గడి తెల్లగా ఉంది, ఆ అరగంట నేను ఈ కుర్చీలోనే ఉన్నాను, ఎక్కడికీ లేచి వెళ్ళలేదు, ఏం జరిగిందో నాకు తెలియదు, భయమేసింది, నిజంగా భయమేసింది, బాత్‌రూమ్‌కి వెళ్ళానేమోనమ్మా అన్నాను, అది కాదనలేదు, ఇట్స్ ఓకే డాడీ, నేను ఫిల్ చేస్తా అని నా చేతిలోంచి పెన్సిల్ తీసుకుని ఒక్కొక్కటే రాసేసింది, నా రాతలాగే వంచి రాసింది, పేజీ చూస్తే అంతా నేనే రాసినట్టుంది, ఎంత ఓపిగ్గా రాసిందో, మా ఆవిడ కూడా అంతే, ఈమధ్య నా మాత్రల డబ్బా మీద రోజుల పేర్లు అంటించింది, ఎందుకని నేను అడగలేదు, తను చెప్పలేదు, మొన్న ఆదివారం ప్రార్థన మధ్యలో మాట దొరక్క నిలబడిపోతే అయ్యగారు చప్పున పాట ఎత్తుకున్నారు, ఆత్మ కదిలిస్తోంది, పాడదాం అన్నారు, అందరూ పాడారు, నేనూ పాడాను.

ఉదయ్, ఉదయ్ ఎలా అన్నాడు ఆ ఆమేన్, ఇన్నాళ్ళూ ఎందుకు ఆలోచించలేదు, మిగతావాళ్ళు అలవాటుగా అన్నారనుకో, పెళ్ళాన్ని మట్టిలో పెట్టి వచ్చినవాడు, ఆమెను మంచం మీదినుంచి లేపమని వింటే ఎలా అంటాడు అలవాటుగా, వాడి చెవి ప్రతి మాట మీదా ఉంటుంది, ముందు వరసలో ఉన్నాడు, అందరికంటే ముందు వాడే అన్నాడు, గట్టిగా అన్నాడు, వాడు అన్నాక హాలంతా అంది, కడుపులో అంత దుఃఖం పెట్టుకుని నా పరువు కాపాడాడు, తర్వాత భోజనం ప్లేటు కూడా వాడే తెచ్చి ఇచ్చాడు, తినండి అన్నయ్యా, మీరు అలిసిపోయారు అన్నాడు, నేను తిన్నాను, ఛీ, ఎలా తిన్నాను.

మోగిపోయింది బ్యాటు, బంతి గోడదాకా దొర్లింది, ముగ్గురూ వచ్చేశారు, అయిదు నాలుగు, ముందున్న ఆట వెనకపడింది, జనం బూతులు తిడుతున్నారు, డాల్టన్ జట్టు కూర్చునే డగౌట్ వైపు చూశాడు, ఇంత దూరం నుంచి కూడా తెలుస్తోంది, వచ్చి నన్ను తీసుకెళ్ళండి అని చూస్తున్నాడు, మేనేజర్ చేతులు కట్టుకుని బూట్ల వైపు చూస్తున్నాడు, రాడు, వాడంటే ఇష్టం గనుక రాడు, అయ్యగారూ రారు, ఉదయ్ రాడు, నా భార్య అడగదు, ప్రిస్సీ దేశానికి ఆ చివర్నుంచి వచ్చి కూడా నోరు తెరిచి అడగలేకపోతోంది, రేపు మళ్ళీ నా పేరే ఉంటుంది, ఎవరి ఆపరేషనో, ఎవరి బిడ్డో, ఎవరి శవమో నా నోట్లో తారుమారవుతుంది, అందరూ ఆమేన్ అంటారు, ఫోన్ తీశాను, అయ్యగారూ, రేపటినుంచి ముగింపు ప్రార్థన వేరేవాళ్ళకి ఇవ్వండి అని కొట్టాను, అక్షరం తప్పు పోతే దిద్దాను, పంపాను, ఉదయ్‌కి మాత్రం ఫోన్‌లో కాదు, ఇంటికెళ్ళి చెప్పాలి, మరిచిపోకముందే, ఇవాళే.

ప్రిస్సీ, నాకు పేర్లు నిలవడం లేదమ్మా, సంవత్సరం పైనయింది, డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళు అన్నాను, ఏం మాట్లాడుతున్నారు డాడీ అంటుందనుకున్నాను, ఏడుస్తుందనుకున్నాను, అది నా చెయ్యి గట్టిగా పట్టుకుంది, ఐ నో డాడీ, మండే నైన్‌కి అపాయింట్‌మెంట్ తీసుకున్నా అంది, అంతే, ఎప్పుడు తీసుకుందో, ఎన్నాళ్ళ క్రితం, అంటే అందరికీ తెలుసు, ఇన్నాళ్ళూ నేను వాళ్ళ దగ్గర దాస్తున్నాననుకున్నాను, వాళ్ళే నా దగ్గర దాస్తున్నారు.